తుఫానుకు పడిన చెట్లు, కొత్తగా చేతికొచ్చిన చైన్ సా: ఒంటికి దెబ్బ తగలకుండా కోయడం ఎలా

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. ఉద్దానంలో మీకు జీడి, కొబ్బరి, నాలుగు మామిడి చెట్లు కలిసిన తోట ఉంది. గాలివానకు జీడిచెట్లు కొన్ని వేళ్లతో సహా లేచి పడ్డాయి. ఒక మామిడి సగం ఒరిగి పక్క చెట్టు మీద ఆనుకుంది. ఒక కొబ్బరి చెట్టు కరెంటు తీగల మీదకు వాలింది. కోతవాళ్లు దొరకడం లేదు. అందుకని పద్దెనిమిది అంగుళాల బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప పట్టీ) ఉన్న పెట్రోల్ చైన్ సా ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మీరూ మీ తమ్ముడూ కలిసి కోసుకుంటారు. హెల్మెట్, కళ్లద్దాలు కాకుండా ఇంకేం జాగ్రత్తలు తీసుకోవాలని అడిగారు.

ముందు మీరు ముట్టుకోకూడని చెట్ల గురించి చెప్తాను. తీగల మీద వాలిన కొబ్బరి జోలికి అసలు వెళ్లకండి. 1912కి ఫోన్ చేయండి, మీ లైన్‌మన్‌కి కూడా చెప్పండి. ఊళ్లో కరెంటు లేదు కదా, ఈలోపు కోసేద్దాం అనుకోవద్దు. లైను ఎప్పుడు చార్జ్ చేస్తారో మీకు తెలియదు. పైగా తుఫాను తర్వాత ఇంటింటా జనరేటర్లు తిరుగుతుంటాయి. బయటి లైనునీ జనరేటర్‌నీ వేరుచేసే చేంజోవర్ స్విచ్ లేకుండా ఎవరైనా జనరేటర్‌ని ఇంటి వైరింగుకి కలిపితే, ఆ కరెంటు వెనక్కి పాకి చచ్చిందనుకున్న తీగలోకి కూడా వస్తుంది. తడిసిన మాను నుంచి మీ చేతికి రావడానికి అది చాలు.

పక్క చెట్టు మీద ఆనుకున్న మామిడి కూడా మీ మొదటి పని కాదు. చిక్కుకున్న చెట్టు కింద నిలబడి మొదలు దగ్గర ముక్కలు ముక్కలుగా కోసుకుంటూ రావడం, లేదా అది ఆనుకున్న చెట్టునే నరికేయడం చాలామంది చేసే పని. రెండింటిలోనూ చెట్టు ఎటు జారుతుందో కోసేవాడి చేతిలో ఉండదు. ట్రాక్టరు, పొడవైన మోకు, ఈ పని తెలిసిన మనిషి, మూడూ దొరికాకే దాన్ని కదిలించాలి. అప్పటిదాకా కిందకి పిల్లలూ పశువులూ వెళ్లకుండా చుట్టూ తాడు కట్టి ఉంచండి.

మిగిలినవి నేల మీద పడి ఉన్న జీడిచెట్లు. ఇవి మీరు కోసుకోవచ్చు. పడిన చెట్టే కదా, ఇంకేం చేస్తుందిలే అనుకుంటారు చాలామంది. నిజానికి గాలికి పడిన చెట్టులో దాగిన బలం నిలబడ్డ చెట్టులో ఉండదు. దాని గురించి వివరంగా చెప్పాలి, కానీ ముందు మిషన్ సంగతి చూద్దాం.

సెకండ్ హ్యాండ్ మిషన్ కాబట్టి ఒక్క కొమ్మ కూడా కోయకముందు చైన్ బ్రేక్ పనిచేస్తుందో లేదో చూడండి. ముందు హ్యాండిల్‌కి ఎదురుగా నిలబడి ఉండే ప్లాస్టిక్ రెక్కే ఆ బ్రేక్ లీవరు. మిషన్ స్టార్ట్ చేసి, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, ఫుల్ రేజ్ ఇచ్చి, హ్యాండిల్ వదలకుండా ఎడమ మణికట్టుతో ఆ రెక్కని ముందుకు నెట్టండి. చైన్ తక్షణం ఆగాలి. వెంటనే రేజ్ తగ్గించండి. మెల్లగా తిరిగి ఆగిందంటే లోపలి బ్యాండ్ అరిగిందని అర్థం.

రెండో పరీక్ష ఇంజిన్ ఆపి చేయాలి. బ్రేక్ వేయకుండా, ఒక మొద్దుకి అడుగున్నర ఎత్తులో మిషన్ పట్టుకుని ముందు చేయి వదిలేయండి. బార్ కొస మొద్దుకి తగిలిన కుదుపుకే బ్రేక్ దానంతటది పడాలి. అసలు ఆపదలో పనికొచ్చేది ఇదే. ఎందుకంటే బార్ ఒక్కసారిగా మీ వైపు ఎదురు తన్నినప్పుడు మీ మణికట్టు రెక్కకి తగులుతుందన్న నమ్మకం లేదు.

రేజ్ పూర్తిగా వదిలేసినప్పుడు చైన్ కదలకూడదు. కదులుతుంటే మెకానిక్‌తో ఐడిల్ తగ్గించండి, తగ్గకపోతే క్లచ్ చూపించండి. వెనక హ్యాండిల్ మీద అరచేతికి తగిలే చిన్న లాక్ ఉంటుంది. అది నొక్కకుండా రేజ్ ట్రిగ్గర్ కదలకూడదు. సెకండ్ హ్యాండ్ మిషన్లలో ఈ లాక్‌ని టేపు చుట్టి ఎప్పుడూ నొక్కి ఉండేలా చేసినవి, చైన్ బ్రేక్ రెక్కని పీకేసినవి చూస్తూనే ఉంటాం. మీది అలాంటిదైతే ఆ పార్టు తెప్పించి వేయించేదాకా పనిలోకి దింపవద్దు. కింద చైన్ క్యాచర్ అనే చిన్న కొక్కెం కూడా ఉందో లేదో చూడండి. చైన్ తెగి వెనక్కి విసిరినప్పుడు మీ కుడిచేతిని కాపాడేది అదే.

ఇప్పుడు ఎదురు తన్నడం, అందరూ కిక్ బ్యాక్ అనేది. బార్ కొస గుండ్రంగా ఉంటుంది కదా, ఆ గుండ్రంలో పై సగం గుర్తుపెట్టుకోండి. తిరుగుతున్న చైన్‌తో ఆ భాగం దేనికైనా తగిలితే పన్ను కోయలేనంత లోతుగా దిగబడుతుంది. చైన్ ఆగిపోతుంది, కానీ ఇంజిన్ బలం ఎక్కడికో పోవాలి. అది బార్‌ని పైకీ, వెనక్కీ, అంటే మీ మొహం, మెడ, భుజం వైపు విసురుతుంది. ఫుల్ రేజ్‌లో చైన్ సెకనుకు దాదాపు 20 మీటర్లు పరిగెడుతుంది, గంటకు 70 కిలోమీటర్ల పైమాటే. కిక్ బ్యాక్ సెకనులో పదో వంతు సమయంలో అయిపోతుంది. చూసి తప్పుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. అది జరిగినా మీకు తగలకుండా ముందే నిలబడి ఉండాలి, అంతే.

ఎలా నిలబడాలంటే, ఎడమచేయి ముందు హ్యాండిల్ మీద, బొటనవేలు కిందనుంచి చుట్టి ఉండాలి. బొటనవేలు కూడా మిగతా వేళ్ల పక్కనే పైన పెడితే తన్నిన క్షణంలో హ్యాండిల్ జారిపోతుంది. కుడిచేయి వెనక హ్యాండిల్ మీద. ఎడమచేతి వాటం వాళ్లకీ ఇదే పద్ధతి, మిషన్లు అలాగే తయారవుతాయి. మీ తల బార్‌కి సరిగ్గా పైన ఉండకూడదు, ఒంటిని కొంచెం ఎడమకి జరిపి నిలబడాలి. భుజం ఎత్తు దాటి మిషన్ లేపకూడదు. ఒంటిచేత్తో అసలు కోయకూడదు. నిచ్చెన మీదా, చెట్టు కొమ్మ మీదా నిలబడి కోయడం తాళ్లూ బెల్టులతో శిక్షణ పొందినవాళ్ల పని. మన ఊళ్లలో చెట్టెక్కి ఒక చేత్తో కొమ్మ పట్టుకుని ఇంకో చేత్తో చైన్ సా ఆడించేవాళ్లని చూసి నేర్చుకోకండి, దయచేసి.

కొమ్మలు కొట్టేటప్పుడు కొస ఎక్కడుందో చూడటం ఇంకా ముఖ్యం. జీడిచెట్టు కింద నుంచే చీలి గొడుగులా విచ్చుకుంటుంది, కొమ్మల్లో కొమ్మలు అల్లుకుని ఉంటాయి. మీ కన్ను కోస్తున్న కొమ్మ మీద ఉంటే, ఆకుల వెనక ఇంకో కొమ్మకి బార్ కొస తగులుతుంది. అందుకే సన్న మండలన్నీ ముందు కత్తితో, గొడ్డలితో కొట్టి పక్కకి లాగేయండి. చైన్ సాని చేయి మందం దాటిన కొమ్మలకే వాడండి. దీనివల్ల పని నెమ్మదిగా సాగుతుందనిపిస్తుంది గానీ, అడుగు పెట్టడానికి చోటు దొరికేదీ, కాలికి ఏదీ అడ్డం పడకుండా ఉండేదీ ఇలాగే.

బార్ అడుగు భాగంతో కోస్తే మిషన్ మిమ్మల్ని ముందుకు లాగుతుంది, పై అంచుతో కోస్తే మీ మీదకి నెడుతుంది. మొదటి కొన్ని రోజులు వీలైనంతవరకు అడుగు భాగంతోనే కోయండి. బార్ మిషన్‌తో కలిసే చోట ఉండే ఇనుప ముళ్లని మానుకి ఆనించి, చైన్ మానుకి తగలకముందే రేజ్ ఇచ్చి, తర్వాత దించండి.

ఇక కర్ర విషయానికి వస్తాను. వంగి ఉన్న ప్రతి కర్రలోనూ ఒకవైపు నారలు సాగి, ఎదురువైపు నారలు నొక్కుకుని ఉంటాయి. సాగిన వైపు ముందు కోస్తే కర్ర ఒక్కసారిగా విచ్చుకుని చీలుతుంది లేదా కొడుతుంది. నొక్కుకున్న వైపు లోతుగా కోస్తే కోత మూసుకుపోయి బార్ ఇరుక్కుంటుంది. కాబట్టి ప్రతి కోతకీ ముందు మిషన్ ఆపి ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది తెగితే ఎటు కదులుతుంది?

రెండు చివర్లా ఆనుకుని మధ్యలో నేలకి ఎత్తులో ఉన్న మానులో పైభాగం నొక్కుకుని, అడుగుభాగం సాగి ఉంటుంది. పైనుంచి మందంలో మూడో వంతు దాకా కోసి ఆపి, మిగతాది కింద నుంచి పైకి కోయాలి. ఒక చివర మాత్రమే ఆనుకుని రెండో చివర గాలిలో వేలాడుతుంటే దీనికి తిరగబడుతుంది: ముందు కింద నుంచి మూడో వంతు, తర్వాత పైనుంచి. కింద నుంచి కోసేది బార్ పై అంచు కాబట్టి మిషన్ మీ వైపు నెడుతుంది, గట్టిగా పట్టుకుని నింపాదిగా కోయండి. పక్కకి వంగి ఉన్న మానుకైతే వంపు లోపలివైపు నిలబడాలి, విడిపోయినప్పుడు అది బయటివైపుకి కొడుతుంది. ఏ వైపు సాగి ఉందో తేల్చుకోలేకపోతే కొద్దిగా కోసి చూడండి. కోత సందు వెడల్పవుతుంటే మీరున్నది సాగిన వైపు, మూసుకుంటుంటే నొక్కుకున్న వైపు.

పెద్ద చెట్టు కింద చిక్కి విల్లులా వంగిపోయిన సన్న మొక్కలు చూడ్డానికి ఏమీ కానట్టే ఉంటాయి. మణికట్టంత మందం ఉన్న వేప మొక్క కూడా అలా వంగి ఉన్నప్పుడు తెగితే దవడ విరిగేంత దెబ్బ కొట్టగలదు. మీదున్న బరువుని నెమ్మదిగా తీసేసి దాన్ని లేవనివ్వడం మంచిది. వీలుకాకపోతే అనుభవం ఉన్నవాళ్లకి వదిలేయండి.

వేళ్లతో లేచిన చెట్టు విషయంలో మాత్రం చాలా పట్టుదలగా ఉండాలి. నిలువుగా లేచిన వేరుగడ్డని పట్టి ఉంచేది పడిన మాను బరువే. మాను కోసిన క్షణంలో ఆ బరువు పోతుంది. వేరుగడ్డ మొదలుతో సహా వెనక్కి పడి గోతిలో కూర్చుంటుంది. కొన్నిసార్లు కోసేవాడి వైపు కూడా పడుతుంది. మనిషి ఎత్తు వేరుగడ్డకి మట్టితో కలిపి ఎంత బరువుంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ గోతిలో ఆ సమయంలో ఎవరైనా ఉంటే బయటికి తీయడానికి కూడా ఏమీ చేయలేం. పిల్లలు ఆ గోతుల్లో దాక్కుని ఆడతారు, అందుకే చెప్తున్నాను. ప్రతిసారీ కోత మొదలుపెట్టే ముందు మీ తమ్ముడు చుట్టూ తిరిగి, గోతిలోకి తొంగి చూసి, ఎవరూ లేరని చేయి ఊపాకే మొదలుపెట్టండి.

వేరుగడ్డ ఎంత ఎత్తుందో దాదాపు అంత పొడవు మాను దానికి వదిలేసి కోయాలి. అలా వదిలితే అది మీ వైపు పడకుండా ఆ ముక్కే ఊతంగా నిలుస్తుంది. వీలైతే మోకుతో వేరుగడ్డని ట్రాక్టరుకి కట్టి ఉంచండి. మాను మీద కాళ్లు అటూ ఇటూ వేసి కోయకూడదు, మొదలు ఒక్కసారిగా పైకి లేస్తే మీరూ దానితో లేస్తారు.

జీడిలో ఇంకో చిక్కు ఉంది. పడిన మానుని కింద నాలుగైదు కొమ్మలు కాళ్లలా మోస్తుంటాయి. పైకొమ్మలన్నీ తీసేశాక ఆ కింది కొమ్మల్లో ఒకటి కోశారంటే మొత్తం మాను దొర్లుతుంది. మోస్తున్న కొమ్మల్ని చివరికి ఉంచండి. మాను కింద రాళ్లూ దుంగలూ పేర్చి ఆపు పెట్టాకే వాటి జోలికి వెళ్లండి. కొబ్బరి మొద్దులు గుండ్రంగా ఉంటాయి, కొద్దిపాటి వాలులో కూడా దొర్లిపోతాయి. ఎప్పుడూ ఎగువ పక్కనే నిలబడండి.

బార్ ఇరుక్కుంటే గుంజకండి. ఇంజిన్ ఆపేయండి. మాను కింద గునపం లేదా బలమైన కర్ర పెట్టి పైకి ఎత్తితే కోత విచ్చుకుంటుంది. అప్పుడు తీయండి. రేజ్ ఇస్తూ ఊపి లాగితే బయటికి వచ్చేటప్పుడు చైన్ తిరుగుతూ వస్తుంది, అది నేరుగా మీ తొడ ఎత్తుకే వస్తుంది.

తొడ అన్నాను కాబట్టి బట్టల సంగతి. హెల్మెట్, కళ్లద్దాలు అని మీరే రాశారు. వాటికంటే ముందు మీ కాళ్లకి రక్షణ కొనమంటాను. చైన్ సా గాయాలు ఎక్కువగా కాళ్లకీ, అందులోనూ ఎడమ కాలికీ, ఆ తర్వాత ఎడమ చేతికీ తగులుతాయి. చాప్స్ అని ప్యాంటు మీద ముందువైపు కట్టుకునే తొడుగులు దొరుకుతాయి. వాటి లోపల పొడవాటి నారలు పొరలుగా ఉంటాయి. చైన్ తగలగానే ఆ నారలు బయటికి లాక్కురాబడి చైన్‌ని తిప్పే పళ్ల చక్రానికి (స్ప్రాకెట్) చుట్టుకుని మిషన్‌ని ఆపేస్తాయి. ఐఎస్ఓ 11393 అని గాని, పాత ఈఎన్ 381 అని గాని ముద్ర ఉన్నవి తీసుకోండి. క్లాస్ 1 అంటే సెకనుకు 20 మీటర్ల చైన్ వేగానికి పరీక్షించినవి. ఒకసారి కోత పడినవి మళ్లీ వాడకూడదు. మందపాటి జీన్స్ చాలదా అని అడుగుతారు. చైన్‌కి జీన్స్ ఒక అడ్డే కాదు.

మిగతావి త్వరగా చెప్తాను. వేళ్ల దగ్గర ఇనుప తొడుగు ఉన్న బూట్లు, జాలీ ముసుగుతో ఉన్న హెల్మెట్, చెవులకి మఫ్స్. పెట్రోల్ చైన్ సా శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది, రోజంతా వింటే వినికిడి పోతుంది, పోయింది తిరిగి రాదు. లుంగీ, మెడలో తువ్వాలు, వదులు చొక్కా, చెప్పులు వద్దు. చలికాలం పొద్దున్నే పని చేసేవాళ్లు మఫ్లర్ కూడా ఇంట్లో వదలండి.

స్టార్ట్ చేసేటప్పుడు చైన్ బ్రేక్ వేసి, మిషన్ నేల మీద పెట్టి, కుడి బూటు ముందుభాగం వెనక హ్యాండిల్‌లో దూర్చి, ఎడమచేత్తో ముందు హ్యాండిల్‌ని నొక్కి పట్టుకుని తాడు లాగండి. గాలిలో వేలాడదీసి, కిందకి విసురుతూ తాడు లాగడం అలవాటు చేసుకోకండి. అడుగు ఎక్కువ దూరం నడవాలన్నా బ్రేక్ వేయండి. చెట్టు నుంచి చెట్టుకి వెళ్లాలంటే ఇంజిన్ ఆపి, బార్ వెనక్కి ఉండేలా పట్టుకుని వెళ్లండి.

పెట్రోలులో టూ స్ట్రోక్ ఆయిల్ ఎంత కలపాలో మిషన్ కంపెనీ చెప్పిందే కలపండి. 50:1 అయితే లీటరుకి 20 మిల్లీలీటర్లు, 25:1 అయితే 40. చైన్‌కి ఆయిల్ వేరే ట్యాంకులో పోయాలి. వేడి మిషన్‌లో పెట్రోలు పోయకండి. పోసిన చోటు నుంచి పది అడుగులు దూరం వచ్చి స్టార్ట్ చేయండి. బీడీ, సిగరెట్టు ఆ దరిదాపుల్లో వద్దు.

చైన్ పదును మీద మాత్రం సమయం పెట్టండి. ఉద్దానం నేల ఇసుక నేల. తిరుగుతున్న చైన్ ఒక్క క్షణం ఇసుకని తాకినా పదును పోతుంది. మొద్దు చైన్‌తో కోసేవాడు తెలియకుండానే ఒళ్లంతా బరువు మిషన్ మీద వేసి నొక్కుతాడు. మాను తెగిన క్షణంలో ఆ నొక్కుడుతోనే బార్ కిందకి జారి కాలి మీదకి వస్తుంది. పదునున్న చైన్ పేళ్లు రాలుస్తుంది, మొద్దుబారింది పొడి రాలుస్తుంది. పొడి కనబడగానే ఆపి గుండ్రటి ఆకురాయితో ప్రతి పన్నుకీ ఒకే కోణంలో, లోపలి నుంచి బయటికి, సమానంగా రాయండి. చైన్ సైజుని బట్టి ఆకురాయి మందం మారుతుంది, కొనేటప్పుడు చైన్ నంబరు చూపించి తీసుకోండి. పన్ను ముందుండే చిన్న బొడిపె, డెప్త్ గేజ్ అంటారు, దాన్ని ఇష్టం వచ్చినట్టు రాయించుకోకండి. వేగంగా కోస్తుందని కొందరు బాగా తగ్గించేస్తారు. పన్ను లోతుగా దిగబడి కిక్ బ్యాక్ పెరిగేది దానివల్లే.

మీ తమ్ముడి పాత్ర కూడా తేల్చుకోండి. మిషన్ తిరుగుతున్నంతసేపు ఆయన పదిహేను అడుగుల లోపలికి రాకూడదు. మీ చెవులకి మఫ్స్ ఉంటాయి కాబట్టి కేకలు వినబడవు, చేతి సైగలు ముందే అనుకోండి. ఏదైనా చెప్పాలంటే ఎదురుగా వచ్చి చేయి ఎత్తాలి, మీరు ఇంజిన్ ఆపాకే దగ్గరికి రావాలి. వెనకనుంచి వచ్చి భుజం తట్టడం మాత్రం అస్సలు వద్దు. మీరు కోస్తుంటే ఆయన కొమ్మ పట్టుకుని ఉండటం కూడా వద్దు. ఎప్పుడూ ఒంటరిగా కోయకండి.

నిలబడ్డ చెట్లు పడగొట్టడం ఈ సీజన్‌కి వదిలేయమనే నా సలహా. దానికి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి సంగతి ఒకటుంది, అది సచివాలయంలో కనుక్కోవచ్చు. అసలు కారణం వేరు. చెట్టు పడాల్సిన వైపు ముందుగా పెట్టే కత్తిరి కోత ఎంత లోతు, వెనక ఎంత మందం నార వదలాలి, ఒరిగిన చెట్టు మాను నిలువునా చీలి వెనక్కి ఎందుకు తన్నుతుంది అన్నవి పక్కన నిలబడి చూపించేవాళ్లు లేకుండా చదివి నేర్చుకునేవి కావు.

మందుల డబ్బా ఇంట్లో కాదు, తోటలో, చేతికి అందే చోట ఉండాలి. పెద్ద దూది ప్యాడ్లు, వెడల్పాటి కట్టుగుడ్డలు, వీలైతే ఒక టోర్నికే, అంటే రక్తం ఆపడానికి చేతికో కాలికో బిగించే పట్టీ. చైన్ కోసిన గాయం కత్తి గాయంలా సన్నగా ఉండదు, కండని పెకలించేస్తుంది. ముందు ప్యాడ్ పెట్టి బలమంతా ఉపయోగించి నొక్కి పట్టండి, తడిసినా తీయకుండా దాని మీదే ఇంకోటి వేయండి. రక్తం చిమ్ముతూ ఆగకపోతే చేతికైనా కాలికైనా గాయానికి పైన, కీలు మీద కాకుండా, టోర్నికే బిగించి టైమ్ రాసి పెట్టండి. ఆస్పత్రికి చేరేదాకా వదులు చేయకూడదు. పసుపు, కాఫీ పొడి పెట్టకండి. 108కి ఫోన్ చేసేటప్పుడు తోట ఎక్కడో చెప్పలేక సమయం పోతుంది, అందుకే పని మొదలుపెట్టే రోజే దారి గుర్తులు ఇద్దరూ అనుకుని ఉంచుకోండి. అంబులెన్స్ రోడ్డు దాకానే వస్తుంది, అక్కడి నుంచి మోసుకెళ్లే దారికి అడ్డం పడిన చెట్లని మిగతా చెట్లకంటే ముందు కోయండి.

ఆ గేరంతా వేసుకుంటే విపరీతంగా చెమట పడుతుంది. ఉద్దానంలో కిడ్నీల సమస్య ఎంత ఉందో మీకు నాకంటే బాగా తెలుసు. అరగంట కోసి, నీళ్లు తాగి, నీడలో కూర్చోండి. సాయంత్రం ఒళ్లు నొప్పులకి షాపులో నొప్పి మాత్రలు కొని మింగడం అలవాటు చేసుకోకండి, కిడ్నీలకి అవి హాని చేస్తాయి. వేళ్లు తిమ్మిరెక్కినా, తెల్లబడినా ఆ రోజుకి పని ఆపేయండి. అది మిషన్ అదురుడు వల్ల నరాలకీ రక్తనాళాలకీ జరిగే నష్టం, పట్టించుకోకపోతే శాశ్వతంగా ఉండిపోతుంది. ఎక్కువ ప్రమాదాలు అలిసిపోయాక, ఇదొక్కటీ కోసేద్దాం అన్నప్పుడే జరుగుతాయి. వెలుతురు తగ్గకముందే మిషన్ లోపల పెట్టేయండి.

మొదటి రోజు వేరుగడ్డల దగ్గరికి వెళ్లకుండా, ఇప్పటికే విడిపోయి నేల మీద చదునుగా పడి ఉన్న కొమ్మల్ని మాత్రమే ముక్కలు చేయండి. మిషన్ బరువు, అది లాగే తీరు చేతికి అలవాటవుతాయి. వేళ్లతో లేచిన చెట్ల ఫొటోలు పక్కనుంచి, దూరం నుంచి తీసి పంపండి, గోతి వైపు వెళ్లకుండా. మాను ఎక్కడెక్కడ ఆనుకుని ఉందో కనబడితే ఏ కోత ముందో ఒక్కో చెట్టుకీ చెప్తాను. ఆ ఫొటోలతోపాటు మిషన్ చైన్ బ్రేక్ పరీక్షలో ఏం తేలిందో కూడా రాయండి.